ముందు టీ కొట్టు, తర్వాతే అమ్మాయి

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం పర్సనల్. మా తమ్ముడి గురించి. సొంత తమ్ముడు కాదు, మా పిన్ని కొడుకు. పేరు చెప్పను, చెప్తే నన్ను బతకనివ్వడు. ఇంట్లో అందరం చిన్నోడు అంటాం, ఇక్కడా అలానే అందాం. ఈ వీడియో చేస్తున్నానని వాడికి తెలుసు. స్క్రిప్ట్ చదివి రెండు పేరాలు కొట్టేశాడు కూడా. మిగిలిందానికి పర్మిషన్ ఉంది.

పోయిన వేసవిలో పిన్ని ఫోన్ చేసింది. "నాన్నా, ఇంటర్ అయిపోయింది, ఎంసెట్ కూడా రాసేశాడు. కానీ వీడు మనుషుల్లో పడట్లేదురా. చుట్టాలొస్తే గదిలోకెళ్లి తలుపేసుకుంటున్నాడు. రేపు ఇంజినీరింగ్ కాలేజీలో ఎలా నెగ్గుకొస్తాడో ఏంటో. ఓ రెండు నెలలు నీ దగ్గర ఉంచుకో" అంది. అలా చిన్నోడు తెనాలి నుంచి బ్యాగ్ సర్దుకుని కూకట్‌పల్లిలో నా రూమ్‌కి వచ్చాడు. అప్పటికి వాడికి 17 దాటింది, 18 ఇంకా నిండలేదు.

మొదటి వారంలోనే నాకు సీన్ అర్థమైంది. ఫుడ్ డెలివరీ అబ్బాయి ఫోన్ చేస్తే ఎత్తకుండా మొబైల్ నా చేతిలో పెట్టేస్తాడు. మా సందు చివర టిఫిన్ సెంటర్ ఉంది. అక్కడ డబ్బులు కట్టి టోకెన్ తీసుకుని, దోశ కౌంటర్ దగ్గర గట్టిగా అరవాలి, లేకపోతే మన దోశ రాదు. వీడిని ఒకరోజు ఒంటరిగా పంపాను. పదిహేను నిమిషాలు నిలబడ్డాడట. వెనకొచ్చిన వాళ్లందరూ తీసుకెళ్లిపోయారు. చివరికి టోకెన్ జేబులో పెట్టుకుని, బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కుని వచ్చాడు. "ఆకలిగా లేదన్నా" అన్నాడు. ఆ టోకెన్ తర్వాత వాడి ప్యాంట్ ఉతికేటప్పుడు దొరికింది.

ఇందులో వాడి తప్పేంటి చెప్పండి? రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నాడు. తెల్లవారుజామున లేస్తే స్టడీ అవర్, రాత్రి పడుకునే దాకా స్టడీ అవర్. ఫోన్ ఉండదు. అబ్బాయిలకి ఒక క్యాంపస్, అమ్మాయిలకి ఇంకో క్యాంపస్. 15 నుంచి 17 ఏళ్ల మధ్య, అంటే మనిషి కొత్తవాళ్లతో మాట్లాడటం నేర్చుకునే వయసులో, వాడు ఇంటిగ్రేషన్, ఆర్గానిక్ కెమిస్ట్రీ తప్ప ఇంకేమీ ప్రాక్టీస్ చేయలేదు. మనలో చాలామంది అలా వచ్చినవాళ్లమే. సిగ్గు అనేది వాడి స్వభావంలో కొంత ఉంది, కాదనను. కానీ సగం ప్రాక్టీస్ లేకపోవడం.

ఖాళీగా ఉండటం ఎందుకని అమీర్‌పేటలో సీ లాంగ్వేజ్ క్లాసులో చేర్పించాను. రెండో వారంలో ఒక రాత్రి లైట్ ఆర్పేశాక చీకట్లో గొంతు వినిపించింది. "అన్నా, క్లాసులో ఒకమ్మాయి ఉంది." అంతే, ఇంకేం చెప్పలేదు. నేను ఎగిరి కూర్చున్నాను. ఇక్కడ నేను చేసింది చెప్తాను, మీరు మాత్రం చేయకండి.

"వెళ్లి మాట్లాడరా, ఏముంది అందులో, కాన్ఫిడెంట్‌గా ఉండు" అన్నాను. ఆ ముక్క ఎంత పనికిమాలిందంటే, జ్వరం వచ్చినవాడితో "వేడి తగ్గించుకో" అన్నట్టు. అక్కడితో ఆగలేదు. ఆ వీకెండ్ మా ఫ్రెండ్ పుట్టినరోజు ఉంటే వీడిని తీసుకెళ్లాను. పదిహేను మంది ఉన్నారు, అందులో అమ్మాయిలూ ఉన్నారు. నేను వీడి భుజం మీద చెయ్యేసి అందరి ముందు, "మావాడు, ఇంటర్ అయిపోయింది, చాలా షై, అస్సలు మాట్లాడడు, కొంచెం మాట్లాడించండి" అన్నాను. మంచి ఉద్దేశంతోనే అన్నాను. అందరూ నవ్వారు, వాళ్లూ మంచిగానే నవ్వారు. వీడి చెవులు ఎర్రబడిపోయాయి. బాత్రూమ్‌లోకి వెళ్లి కేక్ కట్ చేసేదాకా బయటికి రాలేదు. బైక్ మీద తిరిగొచ్చేటప్పుడు ఒక్క మాట లేదు. సోమవారం క్లాసుకి వెళ్లలేదు. మంగళవారం కూడా వెళ్లలేదు. బుధవారం పొద్దున మెల్లగా, "అన్నా, నేను బీటెక్‌కి వెళ్లను. ఇంట్లోంచి దూరవిద్యలో డిగ్రీ చేస్తాను, నువ్వు అమ్మకి చెప్పవా" అన్నాడు.

చిన్నోడు లెక్కల్లో మా ఇంట్లో అందరికంటే గట్టివాడు. వాడు ఆ మాట అనేసరికి నాకు నిజంగా భయం వేసింది. అమ్మాయి సంగతి పక్కన పెట్టండి, టోకెన్ చూపించి దోశ అడగలేనందుకు ఒకడి చదువే మారిపోతుందన్నమాట.

ఆ రోజు వాడికి సారీ చెప్పి, నా సంగతి చెప్పాను. నా మొదటి ఉద్యోగంలో ఆరు నెలలు నేను క్లయింట్ కాల్స్‌లో మ్యూట్‌లోనే ఉన్నాను. నా కోడ్‌లో బగ్ గురించి వేరేవాళ్లు తప్పుగా చెప్తుంటే, కరెక్ట్ ఆన్సర్ నాకు తెలిసి కూడా అన్‌మ్యూట్ బటన్ మీద వేలు పెట్టి నొక్కలేకపోయాను. ఈ చానల్‌లో మొదటి వీడియో 14 సార్లు తీశాను. ఇప్పుడు కెమెరా ముందు వాగుతున్నాను కదా అని పుట్టుకతోనే ఇలా ఉన్నాననుకోకండి.

సరే, ఇక అసలు విషయానికి వద్దాం. ఈ సిగ్గు లోపల ఎలా పనిచేస్తుంది?

ముందు ఒక తేడా చెప్పాలి. ఒంటరిగా ఉండటం ఇష్టమైనవాడు వేరు, మాట్లాడాలని ఉండి మాట్లాడలేనివాడు వేరు. మొదటివాడిని మనం ఇంట్రోవర్ట్ అంటాం, వాడికి ఏ ప్రాబ్లమూ లేదు, వదిలేయండి. రెండోవాడిది సిగ్గు. ఇది అరుదైన విషయం కూడా కాదు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఫిలిప్ జింబార్డో అనే సైకాలజిస్ట్ 1970ల్లో వేలమందిని అడిగితే, దాదాపు 40 శాతం మంది తాము సిగ్గరులమనే చెప్పారు. అమెరికాలో! క్లాసులో 60 మంది ఉంటే పాతికమంది చిన్నోళ్లు ఉన్నట్టే. కాకపోతే వాళ్లు ఒకళ్లకొకళ్లు కనిపించరు. అందరూ తల దించుకునే ఉంటారు కదా.

ఇప్పుడు టిఫిన్ సెంటర్ దగ్గరికి మళ్లీ వెళ్దాం. వీడు కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. గుండె దడ, నోరు ఎండిపోతోంది. వెనక్కి తిరిగి వచ్చేశాడు. ఆ క్షణంలో ఏమైంది? దడ తగ్గిపోయింది. ఎంత హాయిగా ఉంటుందో ఊహించండి. మెదడు ఏం నేర్చుకుంది? "పారిపోయాం కాబట్టి బతికాం." అక్కడ నిజానికి ప్రమాదమే లేదు, కానీ అది తెలిసే అవకాశాన్నే వాడు మెదడుకి ఇవ్వలేదు. కోడింగ్ తెలిసినవాళ్లకి ఇంకో రకంగా చెప్తాను. ట్రై-క్యాచ్ రాసి, క్యాచ్ బ్లాక్‌లో ఎర్రర్‌ని మింగేస్తాం చూడండి. ప్రోగ్రామ్ ఆగదు, స్క్రీన్ మీద ఏమీ కనపడదు, అంతా బాగున్నట్టే ఉంటుంది. బగ్ మాత్రం అలానే ఉండి, రోజురోజుకీ పెద్దదవుతుంది. పారిపోవడం అలాంటి క్యాచ్ బ్లాక్. ఈ రోజు దోశ, రేపు క్లాసు, ఎల్లుండి బీటెక్.

దీనికి తోడు ఇంకొకటి ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు అనే ఫీలింగ్. టీనేజ్‌లో ఇది మరీ ఎక్కువ. డేవిడ్ ఎల్కిండ్ అనే ఆయన 1967లోనే దీని గురించి రాశాడు. టీనేజర్ తన చుట్టూ ఒక ఊహా ప్రేక్షకుల గుంపుని పెట్టుకుని తిరుగుతాడని. ఇంకా సరదా ప్రయోగం ఒకటి ఉంది. కార్నెల్ యూనివర్సిటీలో థామస్ గిలోవిచ్, ఆయన టీమ్ చేసి 2000లో పబ్లిష్ చేశారు. ఒక స్టూడెంట్‌కి పెద్ద ఫొటో ఉన్న టీషర్ట్ వేయించారు. బ్యారీ మనిలో అనే పాత సింగర్ ఫొటో, ఆ వయసు కుర్రాళ్లకి అది వేసుకోవడం నామోషీ. అది వేసుకుని మిగతా స్టూడెంట్స్ ఉన్న రూమ్‌లోకి వెళ్లి రావాలి. బయటికొచ్చాక, "ఆ ఫొటో ఎంతమంది గమనించి ఉంటారు?" అని అడిగితే, సుమారు సగంమంది అన్నారు. నిజంగా గమనించింది నాలుగో వంతు మాత్రమే. మిగతావాళ్లు ఎవరి గోలలో వాళ్లు ఉన్నారు. ఇది చెప్తే చిన్నోడు, "అయితే నాలుగో వంతు చూశారుగా అన్నా" అన్నాడు. లెక్కల స్టూడెంట్‌తో ఇదే తలనొప్పి.

నాకు అన్నిటికంటే ఉపయోగపడింది మాత్రం డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే ఇద్దరు 1995లో చెప్పిన విషయం. భయం ఉన్నవాడు మాట్లాడేటప్పుడు వాడి దృష్టి ఎదుటి మనిషి మీద ఉండదు, తన మీద ఉంటుంది. నా గొంతు వణుకుతోందా, చెమట కనిపిస్తోందా, నెక్స్ట్ ఏం మాట్లాడాలి. లోపల కెమెరా పెట్టుకుని తననే తాను షూట్ చేసుకుంటుంటాడు. దాంతో ఎదుటివాళ్లు నవ్వుతున్నారా, ఆసక్తిగా వింటున్నారా అన్నది చూడనే చూడడు. పైగా కాపాడుకోవడానికి కొన్ని చిట్కాలు వాడతాడు. మొబైల్ చూడటం, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడం, నేల చూపులు, ఒక్కో వాక్యాన్ని మనసులో నాలుగుసార్లు రిహార్సల్ చేసి చెప్పడం, పొడిగా ఒక్క ముక్కలో జవాబివ్వడం. ఇవన్నీ వాడికి రక్షణ. కానీ ఎదుటి మనిషికి ఎలా కనిపిస్తాయి? "వీడికి నాతో మాట్లాడటం ఇష్టం లేదు" అన్నట్టు. వాళ్లు పక్కకి తిరుగుతారు. వీడు "చూశావా, నేనంటే ఎవరికీ ఇష్టం లేదు" అనుకుంటాడు. చిన్నోడికి క్లాసులో చాలామంది పొగరు అనే ముద్ర వేశారని మాకు తర్వాత తెలిసింది. సిగ్గుకి పొగరు అని పేరు!

అంటే చేయాల్సింది ధైర్యం తెచ్చుకుని వెళ్లడం కాదు. భయంతోనే వెళ్లాలి, కానీ చిన్న చోటికి వెళ్లాలి, చిట్కాలు తీసేసి వెళ్లాలి. ధైర్యం తిరిగొచ్చేటప్పుడు వస్తుంది, వెళ్లేటప్పుడు కాదు.

మేము ఒక గూగుల్ షీట్ ఓపెన్ చేశాం. ఇంజినీర్‌ని, నాకు వచ్చిందల్లా అదే. నాలుగు కాలమ్స్: ఏం చేయాలి, ఏమవుతుందని అనుకుంటున్నాను, ఏమైంది, భయం పదికి ఎంత. పైన రాసినవి చాలా చిన్నవి. సందు మొదట్లో టీ కొట్టు దగ్గర, "అన్నా రెండు టీ, ఒకటి చక్కెర తక్కువ" అని చెప్పాలి. ఫోన్ జేబులో, చూపు టీ కొట్టు అన్న మొహం మీద. అంతే రూల్. వీడు రెండో కాలమ్‌లో ఏం రాశాడో తెలుసా? "వినపడక, ఏంటి అని గట్టిగా అరుస్తాడు, అందరూ తిరిగి చూస్తారు." భయం 8.

వెళ్లాడు. నేను అటు పక్క బండి దగ్గర నిలబడ్డాను. నిజంగానే వినపడలేదు. టీ కొట్టు అన్న "ఆఁ?" అన్నాడు. వీడు మళ్లీ చెప్పాడు. టీ వచ్చింది. ఎవరూ తిరిగి చూడలేదు. ఒక కుక్క చూసింది. మూడో కాలమ్‌లో, "ఆఁ అన్నాడు, రెండోసారి చెప్తే ఇచ్చాడు" అని రాశాడు. అది చూడండి, వాడు భయపడింది జరిగింది కూడా, అయినా ఏమీ కాలేదు. అనుకున్నది జరగకపోవడం కంటే, జరిగి కూడా ఏమీ కాకపోవడం ఎక్కువ పని చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. అదే టీ రోజుకి రెండుసార్లు, పది రోజులు. ఆరో రోజుకి భయం 2. పదో రోజు టీ కొట్టు అన్న వీడిని చూడగానే, "ఏం తమ్ముడూ, చక్కెర తక్కువేనా" అంటున్నాడు. విసుగు పుట్టేదాకా ఒకటే మెట్టు మీద ఉండాలి. చాలామంది ఒక్కసారి చేసి "హమ్మయ్య" అని వదిలేస్తారు, అందుకే వాళ్లకి ఏమీ మారదు.

తర్వాత దోశ కౌంటర్ దగ్గర గట్టిగా అరవడం. తర్వాత అమీర్‌పేట మెట్రోలో, అక్కడ రెడ్ లైన్, బ్లూ లైన్ రెండూ కలుస్తాయి కదా, నాగోల్ వైపు ప్లాట్‌ఫామ్ ఎటు అని తెలియని మనిషిని అడగడం. తర్వాత వాటర్ క్యాన్ వాళ్లకి ఫోన్. తర్వాత, సైజు సరిపోని షర్ట్ తీసుకెళ్లి షాపులో మార్చమనడం. ఇది 9 నుంచి మొదలైంది, షాపతను బిల్లు అడిగాడు, వీడు మర్చిపోయాడు, ఖాళీ చేతుల్తో వచ్చి మళ్లీ వెళ్లాడు. తర్వాత క్లాసులో పక్క కుర్రాడిని పేరు అడగడం. ఇవేవీ నేను వాడి కోసం చేయలేదు, వాడి వెనక నిలబడి ప్రాంప్టింగ్ ఇవ్వలేదు. ఏ మెట్టు ఎప్పుడు అన్నది వాడే ఎంచుకున్నాడు. పుట్టినరోజు పార్టీలో నేను చేసిన తప్పు అదే. మెట్లు లేకుండా మేడ మీదికి విసిరేశాను.

ఇలాంటి పని పెద్దపెద్దవాళ్లూ చేశారు. ఆల్బర్ట్ ఎల్లిస్ అని అమెరికాలో చాలా పేరున్న సైకాలజిస్ట్. ఆయనకి 19 ఏళ్లప్పుడు అమ్మాయిలతో మాట్లాడాలంటే చచ్చేంత భయం. న్యూయార్క్‌లో బ్రాంక్స్ బొటానికల్ గార్డెన్‌కి నెల రోజులు వెళ్లి, బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ఆడవాళ్లతో మాట కలిపాడట. మొత్తం 130 మంది. 30 మంది లేచి వెళ్లిపోయారు. మిగతా 100 మందితో మాట్లాడాడు. డేట్‌కి ఒప్పుకున్నది ఒక్కరే, ఆవిడ కూడా రాలేదు! అయినా ఆయన భయం పోయింది, ఎందుకంటే ఎవరూ కొట్టలేదు, పోలీసుల్ని పిలవలేదు. ఈ కథ ఆయనే చాలాసార్లు చెప్పాడు. ఇది విని మీరు రేపు కేబీఆర్ పార్కుకి బయల్దేరకండి ప్లీజ్. అది 1930ల నాటి సంగతి. ప్రాక్టీస్ కోసం తెలియని అమ్మాయిల్ని వాడుకోవడం ఈ రోజు తప్పు, ఒంటరిగా వాకింగ్ చేసుకునే అమ్మాయికి మీరు ప్రాక్టీస్ మెటీరియల్ కాదు, భయం. మీ ప్రాక్టీస్ టీ కొట్టు దగ్గర చేసుకోండి, ఆయన పనే మనుషులతో మాట్లాడటం.

ఇక మాట్లాడటం ఎలా? చిన్నోడు కూడా అందరిలానే "ఏం మాట్లాడాలి అన్నా, డైలాగ్ చెప్పు" అన్నాడు. డైలాగ్ ఏమీ ఉండదు. కావాల్సింది రెండో ప్రశ్న. హార్వర్డ్‌లో క్యారెన్ హువాంగ్, ఆమె సహచరులు 2017లో ఒక స్టడీ పబ్లిష్ చేశారు. ఎదుటివాళ్లు చెప్పినదాన్ని పట్టుకుని ఇంకో ప్రశ్న అడిగేవాళ్లని జనం ఎక్కువ ఇష్టపడతారని తేలింది. స్పీడ్ డేటింగ్‌లో కూడా, అలా అడిగినవాళ్లకే రెండోసారి కలుద్దాం అనే మాట ఎక్కువగా దక్కింది. ఉదాహరణకి, "మీది ఏ ఊరు?" "నల్గొండ." మనవాడు ఇక్కడ "ఓహో" అని ఆగిపోతాడు, లేదా "నాది తెనాలి" అని తన కథ మొదలుపెడతాడు. "నల్గొండ నుంచి రోజూ వస్తున్నారా, ఇక్కడ హాస్టలా?" అంటే అది రెండో ప్రశ్న. అది అడగాలంటే వినాలి. వినాలంటే లోపలి కెమెరా ఆపాలి. అందుకే ఇది మాటల ట్రిక్ కాదు, దృష్టిని బయటికి తిప్పే పని.

ఇంకోటి. మాట్లాడి వచ్చాక రాత్రంతా "ఛ, అలా అన్నానేంటి" అని రీప్లే చేసుకుంటాం కదా. 2018లో ఎరికా బూత్‌బీ, ఆమె టీమ్ చేసిన స్టడీస్‌లో, కొత్తగా కలిసి కాసేపు మాట్లాడుకున్నవాళ్లు ఎదుటివాళ్లకి తాము ఎంత నచ్చామో తక్కువగానే అంచనా వేశారు. అంటే మీరు రీప్లేలో చూసుకునే సినిమా, వాళ్లు చూసిన సినిమా ఒకటి కాదు.

ఇప్పుడు అమ్మాయి విషయం. చిన్నోడితో నేను ఎక్కువసేపు మాట్లాడింది దీని గురించే. వాడికి ఆ అమ్మాయి ఒక పరీక్షలా కనిపిస్తోంది. పాసా ఫెయిలా. కానీ ఆమె వైపు నుంచి ఒకసారి చూడరా అన్నాను. క్లాసు బయట ఒక అబ్బాయితో ఐదు నిమిషాలు నిలబడితే నిన్ను ఎవరూ ఏమీ అనరు. ఆమెని అదే రోడ్డు మీద ఎవరో బంధువు చూసి సాయంత్రానికల్లా ఇంట్లో చెప్తే, రేపటి నుంచి క్లాసే మాన్పించొచ్చు. ఒకే మాటకి నువ్వు కట్టే ధర వేరు, ఆమె కట్టే ధర వేరు. ఆమె అటూ ఇటూ చూస్తూ పొడిపొడిగా మాట్లాడితే నీ గొంతు వణికినందుకు కాదు, అక్కడ నిలబడి మాట్లాడటం తనకి సేఫ్ కాదేమో అని. కాబట్టి క్లాసులో, పదిమంది మధ్య, క్లాసు విషయంతోనే మాట్లాడు. నంబర్ నువ్వు అడగకు. ఇన్‌స్టాలో వెతికి పట్టుకుని రిక్వెస్ట్ పెట్టకు.

"వద్దు" అంటే ఏం చేయాలో కూడా ముందే ప్రాక్టీస్ చేశాం. నవ్వకండి, నిజంగా చేశాం. నేను "కుదరదు" అంటే వాడు "సరే, పర్లేదు" అని మామూలు గొంతుతో అనాలి, ఎందుకు అని అడగకూడదు. మన సినిమాల్లో హీరో నలభై నిమిషాలు వెంటపడితే ఇంటర్వెల్‌కి హీరోయిన్ ఒప్పుకుంటుంది. బయట ఇష్టం లేదని స్పష్టంగా చెప్పినా అమ్మాయి వెంటపడటం, మళ్లీమళ్లీ మెసేజ్‌లు పెట్టడం స్టాకింగ్ అనే నేరం. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. ఇంకా 18 నిండనివాళ్ల విషయంలో పోక్సో చట్టం ఉంది, అక్కడ అమ్మాయి సరేనన్నా చట్టం దాన్ని ఒప్పుదలగా లెక్కేయదు. ఈ వయసులో డేటింగ్ అంటే నా లెక్కలో టీ, కబుర్లు, మెట్రో దాకా నడక. డేటింగ్ యాప్స్ కూడా 18 నిండినవాళ్లకే, వయసు మార్చి పెట్టుకుని దూరకండి.

యాప్స్ అంటే గుర్తొచ్చింది. బయట మాట్లాడలేనివాడికి ఫోన్ చాలా తేలికైన దారిలా కనిపిస్తుంది. తెలియని అకౌంట్ నుంచి అందమైన ప్రొఫైల్ ఫొటోతో "హాయ్" వస్తుంది, రెండు రోజులు తీపి మాటలు, మూడో రోజు వీడియో కాల్, స్క్రీన్ రికార్డింగ్, తర్వాత డబ్బులు ఇవ్వకపోతే మీ కాంటాక్ట్స్ అందరికీ పంపుతాం అని బెదిరింపు. సిగ్గుపడే కుర్రాళ్లే ఈ వలలో ఈజీగా పడతారు, ఎందుకంటే ఎవరికీ చెప్పుకోలేరు. అలా ఇరుక్కుంటే డబ్బులు పంపకండి, చాట్ డిలీట్ చేయకండి, 1930కి ఫోన్ చేయండి, ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి.

అన్నలకి, అక్కలకి, పిన్నిలకి ఒక మాట. చుట్టాల ముందు "ఏరా, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేంటి" అనడం ఆపేయండి. వాడిని అడిగిన ప్రశ్నకి మీరు జవాబు చెప్పకండి. నిశ్శబ్దం కాస్త ఇబ్బందిగా ఉంటుంది, ఐదు సెకన్లు ఓపిక పట్టండి, వాడే చెప్తాడు. మా పిన్నికి ఇది చెప్పడం చిన్నోడికి టీ నేర్పడం కంటే కష్టమైంది.

ఈ షీట్లు, మెట్లు అన్నీ మామూలు సిగ్గుకి. కాలేజీకి వెళ్లడమే మానేసి, తినడం, నిద్ర పాడై, బతకడం ఎందుకు అనే ఆలోచనలు వస్తుంటే మాత్రం యూట్యూబ్ చూస్తూ కూర్చోకండి. దానికి మంచి ట్రీట్‌మెంట్ ఉంది. టెలీ మానస్ నంబర్ 14416, గవర్నమెంట్‌ది, ఫ్రీ, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ చేయడమే భయమంటే పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని చేయండి.

సరే, చిన్నోడి కథ ఎక్కడ ఆపాను? మళ్లీ క్లాసుకి వెళ్లడం మొదలుపెట్టాడు. జూన్ చివర్లో పాయింటర్స్ చాప్టర్ వచ్చింది. అది సగం క్లాసుకి ఎక్కలేదు, వీడికి బాగా ఎక్కింది. ఆ అమ్మాయే వెనక్కి తిరిగి, "ఈ డబుల్ స్టార్ ఏంటి, మీకేమైనా అర్థమైందా" అని అడిగింది. వీడు చెప్పాడు. చెప్పేటప్పుడు మార్కర్ మూత కిందపడిందట, తీసుకుని మళ్లీ చెప్పాడట. అలా ఒక రెండు వారాలు, నలుగురైదుగురు కలిసి మెట్రో దాకా నడిచి రావడం. చివరి వారంలో ఒకరోజు మెట్రో మెట్ల దగ్గర, మిగతావాళ్లు ముందు నడుస్తుంటే, "టీ తాగుదామా?" అని అడిగాడు.

ఆ రాత్రి షీట్‌లో వాడు రాసింది, వాడి పర్మిషన్‌తోనే చదువుతున్నాను. ఏమవుతుందని అనుకున్నాను: "నవ్వుతుంది, అందరికీ చెప్తుంది, క్లాసుకి వెళ్లలేను." ఏమైంది: "కుదరదు అంది. సరే పర్లేదు అన్నాను. రేపు నా నోట్స్ తిరిగి తెస్తానంది. తెచ్చింది." భయం, వెళ్లేటప్పుడు 9, వచ్చాక 3.

మరి బాధపడలేదా అంటే, పడ్డాడు. రెండు రోజులు సరిగ్గా తినలేదు. మూడో రోజు టిఫిన్ సెంటర్‌కి వాడే వెళ్లి, జనంలోంచి "అన్నా, నాది ఉల్లి దోశ, ఇందాకట్నుంచి నిలబడ్డా" అని అరిచి తెచ్చుకున్నాడు. నాకు కూడా ఒకటి తెచ్చాడు. కౌన్సెలింగ్‌లో సీఎస్ఈ వచ్చింది, ఆగస్టులో చేరాడు. షీట్‌లో ఆ టీ తర్వాత కొత్త లైన్ ఒక్కటీ లేదు. దసరాకి ఇంటికెళ్లినప్పుడు ఏంట్రా అప్‌డేట్ చేయట్లేదు అని అడిగాను. "టైమ్ ఉండట్లేదన్నా" అన్నాడు, ఎవరో ఫ్రెండ్‌తో ఫోన్‌లో మాట్లాడుతూ.

సరే మరి, వచ్చే శుక్రవారం కలుద్దాం. ఉంటాను.